చక్రం కింద పొత్రం

కారు మళ్లీ అక్కడే ఉంది.

కళావతి బండిని సగం గల్లీ దాకా తోసుకొచ్చి ఆపేసింది. బండి మీద కడాయి ఉంది, కిరసనాయిలు స్టవ్వు ఉంది, కలిపిన సెనగపిండి గిన్నె మీద తడిగుడ్డ కప్పి ఉంది. చీరి వాము పెట్టిన మిరపకాయలు పళ్లెంలో వరసగా పడుకొని ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, పోవడానికి దారి తప్ప.

గల్లీ మూతికి అడ్డంగా, వీధి వెంబడి, బాలకిషన్ సేటు అంబాసిడర్ నిలబడి ఉంది. కొత్తగా కొన్న పాత కారు. పెళ్లిళ్లకూ యాదగిరిగుట్టకూ తప్ప కదలదు. ఉస్మాన్‌గంజ్‌లో బెల్లం దుకాణానికి సేటు ఇప్పటికీ స్కూటర్ మీదే పోతాడు. కారుకూ గోడకూ మధ్య మనిషి ఒదిగి పోయేంత సందు ఉంది. బజ్జీల బండి మనిషి కాదు కదా, ఒదగడానికి!

ఆ గల్లీ సేటు ఒక్కడిదీ కాదు. రెండిళ్ల ముసలాయనలు బతికున్న రోజుల్లో ఇటు కొంత, అటు కొంత వదిలి చేసుకున్న బాట. కార్వాన్ బస్తీలో ఎవరినడిగినా ముస్తర్కా గల్లీ అంటారు, ఇద్దరిదీ అని. ఇద్దరిదీ అన్న మాట ఇప్పుడు ఒకడి కారు కిందికి పోయింది.

"అత్తా, చూసినవా?"

గడప మీద కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతున్న మాణిక్యమ్మ తలెత్తలేదు.

"చూస్తనే ఉన్న బిడ్డా."

"ఇగ పెట్టనన్నడని నిన్ననే గద నీ కొడుకు వచ్చి చెప్పింది?"

"ఏమో. మగోళ్ల మాటలు మనకేం ఎరుక."

మాణిక్యమ్మ ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతోంది. కళావతి అది గమనించింది కానీ, ఆ క్షణాన ఆమెకు కారు మీద కోపం తప్ప మరొకటి పట్టలేదు.

"ఏమయ్యా! ఓ పారి బయటికి రా!"

ఆ రోజు శివయ్యకు బస్సు డిపోలో వీక్లీ ఆఫ్. రేడియో పక్కన మంచం మీద వాలినవాడు బనీను సర్దుకుంటూ వచ్చాడు. కారును చూశాడు, ముఖం ఎర్రగా చేసుకున్నాడు.

"మళ్ల పెట్టిండా? వీనికి చెప్పింది చెవులకెక్కుతలేదు. ఆగు, ఇయ్యాల అటో ఇటో తేల్చుకొనొస్త."

చొక్కా తొడుక్కొని, సందులోంచి ఒదిగి, సేటు ఇంటి మెట్లెక్కాడు. కళావతి గుండెల మీద నుంచి సగం బరువు దిగిపోయింది. ఆమెకు శివయ్య మీద ఉన్న ధైర్యం అలాంటిది. కారు అడ్డం పెట్టడం మొదలైన దగ్గర్నుంచీ ఆమె తరఫున పోట్లాడుతున్నది ఆయనే. సేటు ఇంట్లోకి పోయేవాడు. కాసేపటికి "ఏం సేటూ, తమాషా అనిపిస్తున్నదా?" అని డిపోలో హారన్ మోగినట్టు గొంతు లేచేది. గల్లీలో నిలబడి అది వింటూ, లోపల గర్వపడుతూ, పైకి మాత్రం "ఎందుకయ్యా గంత లొల్లి, ఇరుగుపొరుగోళ్లం" అనేది. ఆయన మీసం తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. రేపటి నుంచి పెట్టడట అనేవాడు.

రేపు వచ్చేది. కారూ వచ్చేది. కలిపిన పిండి పులిసిపోయేది.

ఇవాళ లోపలి నుంచి గొంతు లేవలేదు. శివయ్య పోయినంత తొందరగా తిరిగి వచ్చాడు.

"సేటు ఇంట్ల లేడు. వచ్చినంక మాట్లాడ్త. నువ్వు బండి లోపల పెట్టెయ్."

"పిండి కలిపిన."

"కలిపితే కలిపినవు. ఒక్క పూట బండి పెట్టకుంటే కొంపలు మునుగుతయా?"

"ఒక్క పూటనా? పోయిన ఐతారం సంది ఒక్క పూట బండి బయటికి పోయిందా?"

"అదే అంటున్న. పోకుంటే ఏమైంది? మనం తిండికి మాడినమా?" అని గొంతు తగ్గించాడు. "జర రెస్టు తీసుకో కళా. నేనిప్పుడు హెడ్ ఫిట్టర్‌ను గద. నువ్వు నూనె పొగల నిలబడి ఇంకెన్ని దినాలు చేస్తవు?"

ప్రేమగానే అన్నాడు. ప్రేమగా అన్నందుకే కళావతి చూపు బండి మీదికి పోయింది. శివయ్య చెయ్యి విరిగి జీతం లేకుండా ఇంట్లో కూర్చున్న ఏడాది ఆ బండి పుట్టింది. కట్టుకట్టిన చెయ్యి అలాగే ఉండగా, ఒంటిచేత్తో ఆ చక్రాలకు బేరింగులు బిగించి ఇచ్చింది ఈయనే. "చూడు, ఎట్ల ఉరుకుతదో" అని ఈ గల్లీలోనే ముందుకీ వెనక్కీ తోసి నవ్వాడు. ఆ ఏడాది పొయ్యి వెలిగింది బండి మీదే. తరవాత ఆయనకు చెయ్యి బాగైంది, పని దొరికింది, పెద్ద పనీ దొరికింది. కానీ బస్తీలో కళావతికంటూ దొరికిన పేరు మాత్రం బజ్జీల కళావతే. ఆ పేరంటే ఆమెకు ఇష్టం.

"నేను రెస్టు అడిగిన్నా నిన్ను?" అంది.

మాణిక్యమ్మ బియ్యం చాటను ఒకసారి చెరిగింది.

"అయినా బిడ్డా," అంది చాటలోకి చూస్తూనే, "పెద్ద మేస్త్రీ పెండ్లానివి ఇగ. నలుగురు చూస్తరు."

"చూసెటోళ్లు చూడనే చూస్తున్నరు అత్తా. డిపో నుంచి వచ్చెటోళ్లే సగం మంది తింటరు నా దగ్గర."

శివయ్య తల పక్కకు తిప్పుకొన్నాడు.

డిపో అనగానే ఆమెకు ప్రహ్లాద్ గుర్తొచ్చాడు. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఎలక్ట్రీషియన్. పోయిన నెలలో ఒకనాడు బజ్జీలు తింటూ, అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగాడు. "మా శివయ్య మేస్త్రీ మంచోడేనా అక్కా? నీకేం ఇబ్బంది పెడ్తలేడు గద?" ఆమె పకపకా నవ్వింది. "మంచోడే తమ్మీ. జర కోపమెక్కువ." అతను నవ్వలేదు. "ఏమన్న ఉంటే చెప్పు. నేను మాట్లాడ్త" అన్నాడు. మొగుడి మీద ఫిర్యాదు తీసుకునే మనిషిని మొదటిసారి చూశానని ఆమె తనలో తానే నవ్వుకుంది. ఇంటికొచ్చి శివయ్యకు చెబితే ఆయన మాత్రం నవ్వలేదు. కారు అడ్డం రావడం ఆ తరవాతే మొదలైంది. అప్పట్లో ఆమె ఆ రెంటినీ కలిపి చూసుకోలేదు. ఎవరు చూసుకుంటారు?

"సరే," అంది కొంగు నడుముకు దోపుతూ. "సేటు లేకుంటే కారన్న ఉన్నది గద. నేనే నూకుత."

"పిచ్చిదానివా? కదులుతదా అది?"

"కదలకుంటే నా చెయ్యేం అరగదు."

గోడ పక్క సందులోంచి వీధిలోకి వచ్చింది. ఆ వీధి మూసీ వైపుకు వాలుగా దిగుతుంది. వాన పడితే నీళ్లన్నీ ఒకే పరుగున పోతాయి. కారు ముక్కు దిగువకు పెట్టుకొని నిలబడి ఉంది. కళావతి వెనక్కి పోయి రెండు చేతులూ పెట్టి తోసింది. కొద్దిగా ఊగి, ఎక్కడో తగిలి ఆగిపోయింది. ఏది ఆపుతోందో చూద్దామని ముందుకు వచ్చి వంగింది.

ముందు చక్రం కింద ఒక నల్లరాయి ఉంది.

గుండ్రటి పొడుగు రాయి. ఒక కొస పెచ్చు లేచి ఉంది.

ఆ పెచ్చు ఎప్పుడు లేచిందో ఆమెకు తెలుసు. జహనుమాలో, తల్లి ఇంట్లో, తను గౌను తొడుక్కునే వయసులో వాకిట్లో పడేస్తే లేచింది. తల్లి వీపు మీద రెండు తగిలించింది కూడా. అది సన్నెకల్లు మీద పచ్చడి నూరే పొత్రం. ఆ సన్నెకల్లునే పెళ్లిలో పీటల ముందుకు తెచ్చారు. ఆమె పాదం పట్టుకొని దాని మీద పెట్టించింది శివయ్యే. ఈ రాయిలాగా స్థిరంగా ఉండాలమ్మా అని అయ్యగారు మంత్రానికి అర్థం చెప్పాడు. సాగనంపేటప్పుడు కల్లూ పొత్రమూ జోడు విడదీయొద్దని తల్లి రెండూ కలిపి మూటగట్టి పంపింది.

ఆ పొత్రం కొన్నాళ్లుగా కనబడటం లేదు. వంటిల్లంతా వెతికింది. "ఎలుకలెత్తుక పోయినయేమో" అని మాణిక్యమ్మ అంటే, రాయినెత్తుకుపోయే ఎలుకలు మన ఇంట్లోనే ఉన్నాయా అని నవ్వింది. బజ్జీలకు అల్లం పచ్చడి చెంబు అడుగుతో నూరుకుంటూ నెట్టుకొస్తోంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి పచ్చడి నూరుకునే పని లేదు గనక పట్టలేడు.

బాలకిషన్ సేటు ఏనాడూ ఆమె వంటింట్లో కాలు పెట్టినవాడు కాదు. ఆమె వంగిన చోటే చెయ్యి చాచి రాయిని ముట్టుకుంది.

"రాయి తియ్యకు!" గల్లీలోంచి శివయ్య అరిచాడు. "కిందికి ఉరుకుతది! దాని హ్యాండ్‌బ్రేకు పట్టదు!"

కళావతి చెయ్యి అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా తలతిప్పి చూసింది.

"పట్టదని నీకెట్ల తెలుసు?"

"అంటే... పాత కారు గద. చూస్తే తెలుస్తది. ఫిట్టర్‌ను నేను."

"ఫిట్టర్‌వే. మరి గీ రాయి ఎవరిదో సుత తెలుస్తదా ఫిట్టర్‌కు?"

శివయ్య ముఖంలో ఎరుపు పోయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఆ అరుపుకు సేటు భార్య రుక్మిణమ్మ తలుపు తీసుకొని మెట్ల మీదికి వచ్చింది. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఏమైందమ్మా కళావతీ?" అంది.

"అక్కా, నీకు దండం పెడ్త. ఒక్క మాట సచ్చం చెప్పు. గీ కారు ఈడ ఎందుకు పెడ్తున్నరు?"

"గదేందమ్మా గట్లంటవు?" రుక్మిణమ్మ తెల్లబోయింది. "పెట్టుమన్నది మీ ఆయననే గద! మా ఆయన ముందుగాల ఒప్పుకోలె. రెండిండ్ల తొవ్వ, ఉసురు తగులుతదన్నడు. శివయ్యన్ననే, 'మా ఇంటిదానికి రెస్టు దొరుకుతది సేటూ, నువ్వు ఫికర్ చెయ్యకు' అన్నడు."

"మరి రోజూ లొల్లి?"

"ఏం లొల్లి? ఇద్దరు కూసొని చాయ్ తాగుతుండ్రి. నడుమ శివయ్యన్న లేచి తలుపు దిక్కు మళ్లి ఒర్రుతుండె. మొదటి దినం నాకు చేతుల కప్పు జారింది. ఏందని అడిగితే మా ఆయన, ఆలుమగల పరాచికం, నీకెందుకన్నడు." అని ఆగింది. కళావతి ముఖం చూసింది. "నీకు తెల్వదా?" అంది చిన్న గొంతుతో.

మీసం తుడుచుకుంటూ మెట్లు దిగివచ్చే మొగుడు కళ్ల ముందు కనబడ్డాడు. తన కోసం గొంతు చించుకొని చెమటలు కక్కుతున్నాడనుకుంది. పాపం అనుకుంది. ఆ పూటల్లో ఆయన కంచంలో రెండు ముద్దలు ఎక్కువ పెట్టింది. తుడుచుకున్నది చాయ్.

మనసు విరిగింది. కారు అడ్డం పెట్టినందుక్కాదు. సేటు పెట్టాడనుకుంటే పరాయివాడి మీద కోపం. పోట్లాడి రమ్మని తను పంపించిన మనిషే శత్రువు ఇంట్లో కూర్చొని తన తరఫున అరిచినట్టు నటించాడు.

"అత్తా," అంది సందులోంచి గడప వైపు చూస్తూ. "నీకు తెలుసునా?"

మాణిక్యమ్మ చాట కింద పెట్టింది.

"రాయి ఇయ్యమన్నడు, ఇచ్చిన. ఎందుకని అడగలే."

"అడగాలనిపించలేదా?"

"కొడుకాయె," అంది ముసలామె.

శివయ్య సందులోంచి వీధిలోకి వచ్చాడు. చుట్టూ చూసి, గొంతు అణచుకొని, "ఇంట్లకు నడువు. ఇంట్ల మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఈడనే చెప్పు."

"ఏం చెప్పాలె? నాకు ఇజ్జత్ ఉండొద్దా? షెడ్డుల ఇంతమంది నా కింద పని చేస్తరు. ఒకణ్ని గట్టిగ మందలిస్తే, పోయి పెండ్లాంతోని బజ్జీలమ్ముకో అంటరు."

"అన్నరా?"

"అంటరు."

"అన్నరా అని అడుగుతున్న."

శివయ్య నేల చూశాడు.

"ఎవ్వరు అనలే," అంది కళావతి. "నీకు నువ్వే అనుకున్నవు. బండి బంద్ చెయ్యమని నా ముఖం మీద చెప్పకపోతివి?"

"చెప్తే వింటుంటివా?"

"వినకపోతుంటి. కొట్లాడుకుంటుంటిమి. ఆలుమగలన్నంక కొట్లాడుకోరా? నువ్వు గిన్నె విసిరికొడుతుంటివి, నేను మా అమ్మ ఇంటికి పోతుంటి, మళ్లొస్తుంటి. గిట్ల చేస్తరా? నేను నమ్మి పంపిస్తినయ్యా నిన్ను!"

చివరి మాట దగ్గర ఏడుపు వస్తే తన మీద తనకే కోపం వచ్చింది. ముక్కు చీది, కొంగుతో తుడుచుకొని, కారు ముందు మళ్లీ వంగింది.

"పట్టుకో."

"ఏంది?"

"కారు. నా రాయి నేను తీసుకుంటున్న."

"కళా, వద్దు! తాళం సేటు దగ్గరున్నది..."

"పట్టుకుంటవా, ఇడిచిపెడ్తవా, నీ ఇష్టం."

ఆమె రాయి మీద రెండు చేతులూ వేసింది. శివయ్య ఒక్క ఉరుకున వచ్చి కారు ముక్కుకు వీపు ఆనించి కాళ్లు తన్నిపట్టాడు. కారు మూలిగింది. పొత్రం ఊడి కళావతి ఒళ్లోకి వచ్చింది. బురదా నూనే అంటుకొని ఉంది, పెచ్చు ఇంకొంచెం లేచింది. శివయ్య ఒక్కో అడుగే దిగువకు వేస్తుంటే, కారు ఆయన వీపు మీద వాలి, మొండి బర్రెలా వెంటబడి దిగింది. గల్లీ మూతి తెరుచుకుంది.

"రుక్మిణమ్మా! ఒక ఇటుకన్న తేరాదమ్మా!" శివయ్య ఒగర్చాడు.

రుక్మిణమ్మ కంగారుగా లోపలికి పోయింది. బెల్లం వ్యాపారి ఇంట్లో ఇటుకలు ఎక్కడుంటాయి? వెతుకుతూ అక్కడే ఉండిపోయింది.

కళావతి గల్లీలోకి పోయి బండిని తోసుకొచ్చింది. బేరింగుల చక్రాలు గలగలమంటూ తేలిగ్గా దొర్లాయి. రోజూ ఆమె పోయే మూల వీధి చివర ఉంది. ఇవాళ అక్కడిదాకా పోలేదు. గల్లీ మూతిలోనే, కారు నిలబడిన చోటే బండి నిలిపింది. స్టవ్వు పంపు కొట్టి వెలిగించింది.

"గా రాయి ఇటియ్యే," అన్నాడు శివయ్య, మెడ తిప్పి. "నడుము పోతున్నది."

"అల్లం పచ్చడి నూరాలె," అంది కళావతి.

పొత్రాన్ని రెండు చెంబుల నీళ్లతో కడిగి, సన్నెకల్లు బయటికి తెచ్చి పచ్చడి నూరింది. నూనె కాగింది. మొదటి మిరపకాయ పడి చుయ్‌మంది.

సాయంత్రం డ్యూటీ దిగినవాళ్లు అప్పుడే సైకిళ్ల మీద వీధి మలుపు తిరుగుతున్నారు. దిగువకు ముఖం పెట్టి కారుకు ఆనుకొని నిలబడ్డవాడికి వీధి మొత్తం కనబడుతుంది. వాళ్లూ ఆయనకు కనబడ్డారు. వదిలితే కారు పోతుంది, పట్టుకుంటే పరువు పోతుంది. ఇద్దరు ముగ్గురు గంట కొట్టి నమస్తే పెట్టి పోయారు. ప్రహ్లాద్ మాత్రం సైకిల్ దిగాడు.

"ఏంది మేస్త్రీ, ఆఫ్ దినం సుత పనేనా? ఆగాగు, రాయి తెచ్చి పెడ్త." అని వెతకబోయినవాడు బండిని చూసి ముఖం విప్పార్చుకున్నాడు. "అక్కా! మస్తు దినాలాయె నీ బండి కనబడక! మేస్త్రీతోని ఏమన్న లొల్లయి ఇల్లు ఖాళీ చేసినవేమో అనుకున్న."

కళావతి చేతిలో జల్లిగరిటె ఆగింది.

"ఏ ఇల్లు తమ్మీ?"

"గదే, మేస్త్రీ ఇల్లు. నువ్వు ఆయన ఇంట్ల కిరాయికుంటవు గద. నేను కొత్తల అడిగిన, మీ గల్లీలకెళ్లి బజ్జీల బండి వస్తది, ఎవరామె అని. మా కిరాయిదారు, పాపం కష్టం మీద బతుకుతున్నదని ఆయననే చెప్పిండు." శివయ్య వైపు తిరిగి నవ్వాడు. "ఔనా కాదా మేస్త్రీ?"

మా మేస్త్రీ మంచోడేనా అక్కా, ఇబ్బందేం పెడ్తలేడు గద. ఆ మాట ఇప్పుడు తిరిగి వచ్చి కళావతి గుండెలో దిగింది. తను నవ్వింది. పకపకా నవ్వింది.

కడాయిలో బజ్జీలు ఎర్రబడుతున్నాయి. ఆమె తీయలేదు. శివయ్య వైపే చూసింది. ఎక్కువేం అక్కర్లేదు, నా పెండ్లాం అని ఒక్క మాట అంటే చాలు. చాయ్ సంగతి మరిచిపోతుంది. రాయి సంగతీ మరిచిపోతుంది. లోపల అంత కోపం మండుతున్నా, ఆ ఒక్క మాట కోసం ఆమె ప్రాణం ఎదురుచూసింది. గడప మీద మాణిక్యమ్మ కూడా లేచి నిలబడింది.

శివయ్య ప్రహ్లాద్‌ను చూశాడు. ఆమెను చూశాడు. నోరు తెరిచాడు.

"ప్రహ్లాదూ," అన్నాడు. "ముందుగాల జర గా రాయి తేవయ్యా."

కళావతి బజ్జీలు తీసి పళ్లెంలో వేసింది. కాస్త మాడాయి. వాటిల్లో మంచివి నాలుగు ఏరి, కాగితంలో పెట్టి, పక్కన పచ్చడి వేసి ప్రహ్లాద్ చేతికి ఇచ్చింది.

"ఔను తమ్మీ, కిరాయికే ఉంటున్న," అంది. "నెలాఖరుకు ఖాళీ చేస్తున్న. నీకెరుకల ఏదన్న ఇల్లుంటే చెప్పు. చిన్నదైనా ఫరవాలేదు. బండి పోయేటంత తొవ్వ ఉండాలె."